ఎనిమిదున్న చోట మూడు

ఆఫ్రికాలో సింహాలు పట్టాల మీద వరసగా పడుకుని ఉంటాయనీ, రైలు కూత వినగానే లేచి ముందుగా ఇంజనీర్లనే ఏరుకుని తింటాయనీ మా మనవరాలికి చెప్పింది నేనే. దానికి కారణం కూడా చెప్పాను. ఇంజనీర్లు రోజంతా ఎండలో తిరుగుతారు కనక మాంసం బాగా వేగి ఉంటుంది.

"నన్ను తింటే దానికే అజీర్తి తాతా. రెండేళ్ళబట్టీ గతౌరా కంకర మింగుతున్నాను," అంది జ్యోతిర్మయి, టోపీ తీసి మేకుకి తగిలిస్తూ.

అది రెండు వేల తొమ్మిది, మే నెల. బిలాస్‌పూర్ ఎండ గురించి నేనేం చెప్పినా కోత అంటారు గానీ, ఆ ఏడు మా క్వార్టరు ముందు ఆరేసిన చొక్కా ఆరడంతో ఊరుకునేది కాదు, ఇస్త్రీ కూడా అయిపోయేది. రెండు గదులు, ఒక వరండా, ఒక కూలరు. ఆ కూలరు ముందు నేనూ, మా అబ్బాయి శంకరరావు, కోడలు అసిరమ్మ, మనవరాలు. నలుగురం పడుకుంటే గాలి ముగ్గురికే అందేది. ఆ క్వార్టరు మొదట్లో నా పేరు మీద ఉండేది. నేను రిటైరయ్యాక శంకరం పేరు మీదకి మారింది. ఇక జ్యోతి పేరు మీదకి మారాలని ఇంట్లో అందరం అనుకున్నాం. అందరం అంటే, జ్యోతి తప్ప.

శంకరం గ్యాంగ్‌మన్. ముప్పై ఆరేళ్ళు పట్టాల కింద కంకర పొడిచాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. అప్పట్లో రైల్వేలో ఒక స్కీము ఉండేది. ఆ వయసు గ్యాంగ్‌మన్ ముందుగానే దిగిపోతానని రాసిస్తే పిల్లల్లో ఒకరికి అదే పని ఇస్తారు. అయితే ఆ పిల్లో పిల్లాడో రాత పరీక్షా, మెడికలూ అన్నీ పాసైతేనే తండ్రిని దింపుతారు. ఒక్కటి తప్పినా తండ్రి అరవై వచ్చేదాకా సుత్తి మొయ్యవలసిందే. ఇంకో చాన్సు లేదు.

కిందటేడు శంకరం ఆ ఫారం తెచ్చి ముందు పెడితే జ్యోతి చదవకుండానే సంతకం పెట్టేసింది. అప్పుడు దాని రెండో చేతిలో, వాళ్ళ నాన్న మోకాలికి కాపడం పెడుతున్న ఉప్పు మూట ఉంది. ఇంకేం చదువుతుంది?

అప్పటికి ఆఫ్రికా మా ఇంట్లోకి రాలేదు. జ్యోతి ఇక్కడే సివిల్ ఇంజనీరింగు చదివింది. దానితో చదివినవాళ్ళు కంప్యూటర్ల వైపు పోతే, ఇది గతౌరా దగ్గర కొత్త లైను వేస్తున్న ఒక కాంట్రాక్టరు దగ్గర చేరింది. "ఇంజనీరింగు చదివి మళ్ళీ నాన్న పనే చేస్తందేటి," అని కాలనీలో నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. ఆ లైను చూడ్డానికి ఢిల్లీ నుంచి ఒక కంపెనీ పెద్ద ఇంజనీరు వచ్చి, దీని కొలతల పుస్తకం తిరగేసి, వంపు దగ్గర బయటి పట్టా ఎంత లేపావు, ఎందుకంత లేపావు అని అరగంటసేపు అడిగాడట. ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది. మొజాంబిక్ అని ఒక దేశం. అక్కడ యుద్ధంలో పాడైపోయిన రైలు లైనుని ఆ కంపెనీ మళ్ళీ వేస్తోంది. ట్రాక్ ఇంజనీరు ఉద్యోగం. రెండేళ్ళు. జూలై ఒకటికల్లా ఢిల్లీలో ఉండాలి.

అది వచ్చిన వారానికే రైల్వే కాగితం వచ్చింది. రాత పరీక్ష పాసు. జూన్ పన్నెండున మెడికల్.

అసిరమ్మ రెండు కాగితాల్నీ దేవుడి పటం వెనకాలే పెట్టింది. దేవుడికి కూడా ఏం చెయ్యాలో తోచి ఉండదు.

సింహాల్ని తెమ్మన్నది నిజానికి శంకరమే. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి నా మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"నాన్నా, దానికి నువ్వు చెప్పు."

"ఏటి చెప్పాలి?"

"ఆఫ్రికా వద్దని. నాను చెబితే ఏడుస్తాది. నువ్వు చెబితే నవ్వుతాది. నవ్వుతా నవ్వుతా మానేస్తాదేమో."

"నా మాట ఎవడు నమ్ముతాడ్రా?"

"నమ్మక్కర్లేదు. భయపెట్టు, చాలు." చేత్తో ఎత్తి కాలు మంచం మీద పెట్టుకున్నాడు. "పక్కా నౌకరీ నాన్నా. ఇంజనీరింగు చదివిన గుంట చేతికి సుత్తి ఇస్తారేటి? ఏ ఆఫీసులోనో కూచోబెడతారు. క్వార్టరుంటాది, ఆసుపత్రుంటాది. కంపెనీ వోడు రెండేళ్ళకి పొమ్మంటే ఎక్కడికి పోతాది? చేతికొచ్చిన రైల్వే పోస్టుని తన్నీడం మనింట్లో ఒకసారైంది. అది చాలు."

ఆ చివరి మాట నాకు తగలాలనే అన్నాడు. తగిలింది కూడా.

నా మీసం సంగతి కాలనీలో అందరికీ తెలుసు. ఆవిరి ఇంజన్ల కాలంలో నేను షెడ్డులో ఖలాసీని. బొగ్గూ బూడిదా మొయ్యడం నా పని. అలాంటి నాకు డ్రైవరు లైను ఇస్తాం రమ్మన్నారు. తీరా వెళ్తే ఆ ఆఫీసరు, "మీసం తీసేస్తే గాని ఇంజనెక్కనివ్వను," అన్నాడు. "ఇంజన్లు నెలకి పది తయారవుతాయి, ఇలాంటి మీసం మళ్ళీ పుట్టదు," అని చెప్పి కాగితం అతని బల్ల మీద పడేసి వచ్చేశాను. ఈ కథ చెప్పినప్పుడల్లా జనం పడీ పడీ నవ్వేవారు. చిన్నప్పట్నుంచీ విన్న శంకరం మాత్రం ఏనాడూ నవ్వలేదు. డ్రైవరు కొడుకు కావలసినవాడు ఖలాసీ కొడుకయ్యాడు. ఇరవై ఒకటో ఏట గ్యాంగులోకి పోయాడు.

మే నెలంతా ఇల్లు కుక్కరులా ఉంది. ఎవరూ గట్టిగా మాట్లాడరు, మూత మాత్రం అదురుతూ ఉంటుంది. పక్క క్వార్టరు సూర్యం యూనియన్ మనిషి. రోజూ వచ్చి శుభాకాంక్షలు చెప్పి పోయేవాడు. "కాకా, మోప్కాలో ఒకడు ఎమ్మే పాసై ఈ పోస్టుకే ఏడుస్తున్నాడు. మీ గుంటకి ఇంట్లో కూచుంటే వచ్చింది," అనేవాడు. జ్యోతి తల వంచుకుని టీ ఇచ్చేది. అసిరమ్మ సదర్ బజార్ వెళ్ళి రెండు చుడీదార్ గుడ్డలు తెచ్చింది, ఆఫీసుకి వేసుకోడానికని.

"మావయ్యా, ఏ రంగు బాగుంది?" అని నా ముందు పరిచింది.

"రెండూ బాగున్నాయి," అన్నాను. రంగులడిగితే నేనెప్పుడూ అదే అంటాను.

జ్యోతి ఆ గుడ్డల్ని చూళ్ళేదు. నన్ను చూసింది.

జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం. కరెంటు పోయింది. కూలరు ఆగిపోయింది. శంకరం డ్యూటీలో ఉన్నాడు, అసిరమ్మ సూర్యం ఇంటికి పోయింది. జ్యోతి తడి తువ్వాలు తెచ్చి నా కాళ్ళ మీద కప్పి కింద కూర్చుంది.

"తాతా, రైల్వేలోకి రానని నాన్నతో చెప్పలేను."

"అయితే చెప్పకు. నోటికి శ్రమ."

"మజాక్ వద్దు తాతా. ఆ మోకాలు చూస్తే నాకు మాట రాదు. పాసయ్యాననుకో, నాన్న దిగిపోతారు. ఆ తర్వాత నేను మానేస్తే ఈ ఇల్లు కూడా ఉండదు. అంటే నేను అరవై ఏళ్ళొచ్చేదాకా ఇక్కడే."

"ఆ దేశంలో మాత్రం ఏటుందే? అక్కడా పట్టాలే, ఇక్కడా పట్టాలే."

"ఇక్కడ ఎవరో వేసింది బిగిస్తూ కూచుంటాను. అక్కడ ఏమీ లేని చోట నేను వేస్తాను. వంతెన దగ్గర నేను గీసిన గీత మీదే బండి పోతుంది. ఆ పని చేసి చూపిస్తే, ఎక్కడ లైను వేసినా నన్ను పిలుస్తారు. నాలుగేళ్ళు చదివింది అందుకే కదా?"

అది గచ్చు మీద వేలితో ఏదో గీస్తూ కూర్చుంది. కాసేపయ్యాక, మామిడిపండు కావాలా అని అడిగినట్టుగా అడిగింది.

"అచ్ఛా తాతా, రంగుల పుస్తకంలో నీకేం కనపడింది?"

మెడికల్‌లో చూపించే పుస్తకం అది. పేజీ నిండా రంగు చుక్కలుంటాయి, చుక్కల మధ్యలో అంకె ఉంటుంది.

"ఆ పుస్తకం నేనెప్పుడు చూశానే?"

"తాతా."

"చూళ్ళేదంటే వినవే!"

"నువ్వు టమాటాలు నొక్కి నొక్కి ఏరతావు. జాంపళ్ళు వాసన చూసి కోస్తావు. మొన్న అమ్మ పరిచిన గుడ్డల్లో ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. నాకు మూడో క్లాసునుంచీ తెలుసు." గచ్చు మీద గీత చెరిపేసింది. "మీసం గురించి ఆ ఆఫీసరు అసలేమీ అనలేదు, కదా?"

డెబ్భై ఏడేళ్ళొచ్చాయి. నోరు తెరిస్తే కోత దొరకని రోజు అంతకు ముందు లేదు. ఆ మీసం కథ ఈ గుంటకి వందసార్లు చెప్పి ఉంటాను. వందసార్లూ నవ్వింది.

"మెడికల్ తప్పితే అది ఎవరి తప్పూ కాదు తాతా," అంది మెల్లిగా. "నాన్న బాధపడతారు, కానీ నన్నేమీ అనుకోరు."

వద్దని చెప్పవలసింది నేను. శంకరం నన్ను కాపలా పెట్టింది అందుకే. ఆ మోకాలికి ఇంకా మూడేళ్ళు ఎండ రాసిపెట్టి ఉంటుందని నాకు తెలీదా? తెలుసు. తెలిసే చెప్పాను.

"మొదటి పేజీలో పన్నెండు ఉంటాది. అది నాలాంటోడిక్కూడా కనపడతాది. అక్కడ తప్పు చెప్పినోణ్ణి డాక్టరు దొంగని పట్టీస్తాడు. పన్నెండు పన్నెండనే చెప్పు. తర్వాత పేజీలో ఎనిమిదుందిట. నాకు మూడు కనపడింది. ఇంకో పేజీలో ఇరవై తొమ్మిదిట. నాకు డెబ్భై. అయిదున్న చోట రెండు. డెబ్భై నాలుగున్న చోట ఇరవై ఒకటి."

"ఇవన్నీ ఇంకా గుర్తున్నాయా?"

"నేను తోమిన ఇంజన్ల నంబర్లన్నీ మర్చిపోయాను. ఇవి పోలేదు."

అది కాగితం మీద రాసుకోలేదు. పెదాలు మాత్రం కదిలాయి. "మరి కంపెనీ వాళ్ళు చూడరా కళ్ళు?" అని అడిగాను. "వాళ్ళకి వాళ్ళ డాక్టరున్నాడు. అక్కడ ఉన్నదున్నట్టు చెబుతాను," అంది. కరెంటు వచ్చి కూలరు దడదడా మొదలైంది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

పన్నెండో తారీకు ముగ్గురం రైల్వే ఆసుపత్రికి వెళ్ళాం. శంకరం తెల్ల చొక్కా వేసుకున్నాడు, వాడికే ఉద్యోగం వస్తున్నట్టు. కళ్ళ డాక్టరమ్మ గది తలుపు తీసే ఉంది. మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. డాక్టరమ్మ ఫారం చూసి, "బి.ఇ. సివిల్. గ్యాంగులోకా?" అంది హిందీలో. జ్యోతి "జీ" అంది. పుస్తకం తెరుచుకుంది.

"పన్నెండు," అంది జ్యోతి.

పేజీ తిరిగింది.

"మూడు."

నా పక్కన శంకరం నిటారుగా అయ్యాడు. ఉద్యోగంలో ఎన్నిసార్లు ఆ పుస్తకం ముందు కూర్చున్నాడో వాడు. రెండో పేజీలో ఏముందో వాడికి తెలుసు.

"డెబ్భై." పేజీ. "రెండు." పేజీ. "ఇరవై ఒకటి."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "ఆడవాళ్ళలో ఇది చాలా అరుదు. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

జ్యోతి అంకెలు నేర్చుకుంది గానీ దీనికి జవాబు నేర్చుకోలేదు.

"ఎవరికీ లేకపోతే పెద్ద ఆసుపత్రికి రాస్తాను. అక్కడ మిషను మీద చూస్తారు."

శంకరం లేచి గుమ్మంలోకి వెళ్ళాడు. "మా ఇంట్లో ఎవరికీ లేదు మేడమ్. పొద్దున్నించీ ఏమీ తినలేదు పిల్ల, కంగారు పడింది. ఇంకోసారి చూపించండి."

డాక్టరమ్మ పుస్తకం మళ్ళీ మొదటికి తిప్పింది. జ్యోతి ఆ పుస్తకాన్ని చూళ్ళేదు. మెడ తిప్పి తలుపు వైపు చూసింది. నా వైపు కాదు, వాళ్ళ నాన్న వైపు. ఇంకో నిమిషమాగితే ఎనిమిదిని ఎనిమిదనేసేది. ఆ మెడ వాలడం నాకు కనపడింది.

నేను లేచాను.

"నాకుంది మేడమ్. తాతని."

శంకరం వెనక్కి తిరిగాడు. నేను వాడి పక్కనుంచి లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. డాక్టరమ్మ నవ్వి, సరే చూద్దాం అన్నట్టు పుస్తకం నా ముందుకి జరిపింది.

"పన్నెండు," అన్నాను. "మూడు. డెబ్భై. రెండు. ఇరవై ఒకటి."

జ్యోతి చెప్పినవి ఆవిడ కాగితం మీద రాసుకుని ఉంది. ఒక్కోదానికీ ఎదురుగా టిక్కు పెట్టింది.

"ఏం పని చేసేవారు బాబా?"

"షెడ్డులో ఖలాసీని. ఇంజన్ల కింద బూడిద లాగేవాణ్ణి."

"డ్రైవరు లైనుకి ప్రయత్నించలేదా?"

"రెండుసార్లు వచ్చాను మేడమ్. రెండుసార్లూ మూడే కనపడింది."

"తండ్రికి లేకుండా కూతురికి రాదే," అంటూ ఆవిడ నన్ను చూసింది, జ్యోతిని చూసింది, ఫారం మీద చదువు రాసిన గడిని ఇంకోసారి చూసింది. తర్వాత అన్‌ఫిట్ అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసింది.

ఇంటికి ఆటోలో బయల్దేరాం. గేటు పడి ఉంది. ఎడంపక్క జ్యోతి, మధ్యలో నేను, కుడిపక్క కాలు బయటికి చాపుకుని శంకరం. వెనక లారీ, ముందు గేటు. కదలడానికి లేదు. గేటుకి అవతల ఒకామె సైకిలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ మనిషి చీర ఏ రంగు నాన్నా?" అన్నాడు శంకరం.

చూశాను. ఎండుగడ్డి రంగులా ఉంది. నాకు చాలా చీరలు అలాగే ఉంటాయి.

"తెలీదురా."

"మరి మీసం?"

"మీసం గురించి ఎవడూ ఏమీ అనలేదు."

శంకరం తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

"ముప్పై ఆరేళ్ళు," అన్నాడు. "సుత్తి ఎత్తినప్పుడల్లా నీ మీసాన్ని తిట్టుకున్నాను."

బొగ్గు బండి వచ్చింది. అది దాటుతున్నంతసేపూ మాటలు వినపడవు. ఆ చప్పుడులోనే శంకరం ముందుకి వంగి, నన్ను దాటి, కూతురి మొహంలోకి చూశాడు. ఏదో అడిగాడు. వినపడకపోయినా ముగ్గురికీ తెలుసు ఏమడిగాడో. జ్యోతికి యాభై పైచిలుకు వ్యాగన్లంత వ్యవధి దొరికింది. ఏ అబద్ధమైనా తయారు చేసుకోవచ్చు. నేనైతే అంతసేపట్లో రెండు సింహాల్ని, ఒక ఏనుగుని చంపేసేవాణ్ణి.

గార్డు పెట్టె దాటింది. అవతల ఆ సైకిలామె అలాగే ఉంది.

"ఆకుపచ్చ, నాన్నా," అంది జ్యోతి. "ఎర్రంచు."

శంకరం వెనక్కి జారగిలబడ్డాడు. గేటు లేచింది.

ఇంట్లో అసిరమ్మ గుండెలు బాదుకుంది. పిల్ల కళ్ళకేటైందీ, దీన్నెవడు చేసుకుంటాడూ అని. "దాని కళ్ళు బాగానే ఉన్నాయి. టీ పెట్టు," అన్నాడు శంకరం. తర్వాత నాలుగు రోజులు వాడు మాతో మాట్లాడలేదు. అయిదింటికి లేచేవాడు, మోకాలికి కట్టు కట్టుకునేవాడు, పోయేవాడు. జ్యోతి పెట్టె సర్దుకోలేదు. ఉత్తరం దేవుడి పటం వెనకాలే ఉంది. ఈ గుంట అనవసరంగా నిజం చెప్పింది, ఇప్పుడిక అటూ కాదు ఇటూ కాదు అనుకున్నాను.

అయిదో రోజు సాయంత్రం శంకరం ఒక ఫారం తెచ్చి వరండాలో కూర్చున్నాడు. రైల్వే పాసు ఫారం. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి ఏడాదికి కొన్నిసార్లు టికెట్టు లేకుండా ఇంట్లోవాళ్ళని పంపుకునే వీలు. కళ్ళజోడు పెట్టుకుని హిందీలో ఒక్కో అక్షరం నొక్కి నొక్కి రాశాడు. బిలాస్‌పూర్ నుంచి ఢిల్లీ. మనిషి ఒకరు. కూతురు.

"అమ్మీ," అని పిలిచాడు.

జ్యోతి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"రానూ పోనూ రాయించనా?"

"రెండేళ్ళు కదా నాన్నా. ఆ పాసుకి నాలుగు నెలలకే కాలం చెల్లిపోతుంది."

"చెల్లిపోతే పోనీ." రానూ పోనూ అని రాసి కింద సంతకం పెట్టాడు. బల్ల మీద చెయ్యి ఆనించి లేచాడు, ముందు మంచి కాలు, తర్వాత రెండోది. "రెండేళ్ళయ్యాక కొత్తది తీస్తాను. నాను సర్వీసులోనే ఉంటాను కదా."